కంజీ అక్షరాన్ని గీతలుగా విడగొట్టే ఫంక్షన్ ఏదైనా ఉందా?

#1 శ్రావణి_కంజీ

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు జపనీస్ నేర్చుకుంటున్నాను. కంజీలు, అంటే జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు, రాసేటప్పుడు గీతల వరస తప్పితే మా సెన్సెయ్ (టీచర్) ఊరుకోరు. ఎలాగూ పైథాన్ వచ్చు కదా, అక్షరం ఇస్తే దాని గీతలు ఒక్కొక్కటిగా చూపించే చిన్న ప్రోగ్రామ్ రాద్దామని కూర్చున్నాను.

ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ పట్టికలో ‘సీజేకే స్ట్రోక్స్’ (చైనా, జపాన్, కొరియా అక్షరాల గీతలు) అనే బ్లాక్ కనబడింది. అడ్డగీత, నిలువు గీత, చివర కొక్కెం ఉన్న గీత, అన్నీ విడివిడిగా ఉన్నాయి. కంజీలన్నీ వీటితోనే కట్టి ఉంటారు, వెనక్కి విడగొడితే సరిపోతుందనిపించింది. ‘శాశ్వతం’ అనే అర్థం వచ్చే ‘ఎయ్’ అక్షరాన్ని ఎన్‌ఎఫ్‌డీ నార్మలైజేషన్‌కి (అక్షరాన్ని భాగాలుగా విడదీసే యూనికోడ్ పద్ధతి) పంపాను. పంపింది పంపినట్టే తిరిగొచ్చింది. అదే ఫ్రెంచి అక్షరం పంపితే మాత్రం అక్షరం, దాని మీది గుర్తు చక్కగా విడిపోయాయి. కంజీకి వేరే ఫంక్షన్ ఏమైనా ఉందా? అక్షరం కింద అతికిస్తున్నాను.

▯

#2 నిర్వాహకుడు

శ్రావణి గారూ, మన సైట్‌లో తెలుగు తప్ప మిగతా లిపులన్నీ డబ్బాలైపోతున్నాయి. సరిచేసేదాకా అక్షరం బదులు దాని యూనికోడ్ సంఖ్యను దశాంశంలో రాయండి. మీ అక్షరం 27704. చర్చ కొనసాగించండి.

#3 కోడ్_కృష్ణ

అలాంటి ఫంక్షన్ లేదండీ. లైబ్రరీ ఎవరూ రాయక కాదు, విడగొట్టడానికి ఆ టెక్స్ట్‌లో గీతలే లేవు.

మీ ఫైల్‌లో ఉన్నది 27704 అనే సంఖ్య ఒక్కటే. సంఖ్యని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో అది మూడు బైట్లు అవుతుంది: 230, 176, 184. ఈ మూడింటిని ఎంత తిరగేసినా ఎక్కడా అడ్డగీత దొరకదు. మన ‘క’ కూడా మూడు బైట్లే: 224, 176, 149. అందులో తలకట్టు ఏ బైట్‌లో ఉందంటే ఏం చెబుతాం?

తెరమీద కనిపించే గీతలన్నీ ఫాంట్ గీసినవి. ఆ ఫాంట్‌లో కూడా ‘మొదటి గీత, రెండో గీత’ అని ఉండదు. మామూలు ఫాంట్ ఫైల్‌లో ఉండేది నల్లటి ఆకారం చుట్టూ అంచు మాత్రమే, కొన్ని బిందువులు, వాటిని కలిపే వంపులు. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట చాలా ఫాంట్లలో అంచులు కలిసిపోయి ఉంటాయి. అక్కడ ఏ గీత ముందు రాశారో ఫాంట్‌కే తెలియదు.

#4 శ్రావణి_కంజీ

అయితే ఆ బ్లాక్ ఎందుకున్నట్టు? వాడుకోవడానికి కాకపోతే అన్ని గీతలకి సంఖ్యలు ఇవ్వడం దేనికి?

#5 తైపే_తెలుగోడు

గీతల గురించి మాట్లాడుకోవడానికి. పాఠ్యపుస్తకంలో ‘ఈ అక్షరంలో మూడోది ఈ గీత’ అని అచ్చు వేయాలంటే ఆ గీతకంటూ ఒక గుర్తు కావాలి కదా. నిఘంటువులకీ, గీతల వరస మీద ప్రభుత్వాలు వేసే ప్రమాణ పత్రాలకీ అదే అవసరం.

చరిత్ర చూస్తే విషయం ఇంకా తేటగా ఉంటుంది. 2005లో యూనికోడ్ 4.1తో మొదట వచ్చినవి 16 గీతలే. హాంకాంగ్ ప్రభుత్వం వాడే అదనపు అక్షరాల జాబితాతో సరిపోవాలని వాటిని చేర్చారు. ఆ పదహారింటిలో మామూలు అడ్డగీత లేదు, నిలువు గీతా లేదు! కంజీలు కట్టడానికే ఈ బ్లాక్ పెట్టి ఉంటే ముందు వచ్చేవి ఆ రెండే. అవి 2008లో 5.1తో వచ్చాయి, అప్పటికి మొత్తం 36. 2024లో 16.0తో ఇంకో రెండు చేరాయి.

పేర్లు చూసి బెదరకండి. చైనా భాషలో గీతల పేర్లకి మొదటి అక్షరాలవి. హెచ్ అంటే హెంగ్, అడ్డగీత. ఎస్ అంటే షు, నిలువు. పి ఎడమకి జారే గీత, ఎన్ కుడికి జారేది, డి చుక్క, జెడ్ మలుపు, జి కొక్కెం. ఇక ‘హెచ్‌జెడ్‌జి’ అని చూస్తే చదివేయొచ్చు: అడ్డంగా వెళ్లి, మలుపు తిరిగి కిందికి దిగి, చివర కొక్కెం. కలం ఎత్తలేదు కాబట్టి అదంతా ఒకటే గీత.

#6 పెనుకొండ_రమేష్

ఒక డౌటు. మా వైపు కొరియా కంపెనీలు ఎక్కువ, నేనూ కొరియన్ కొంచెం నేర్చుకున్నా. అదే ఎన్‌ఎఫ్‌డీకి కొరియన్ అక్షరం పంపితే ముక్కలు ముక్కలుగా విడిపోతోంది. అది కూడా అక్కడి లిపే కదా, దానికొక న్యాయం దీనికొక న్యాయమా?

#7 కోడ్_కృష్ణ

రమేష్ బ్రో, కొరియన్‌లో విడిపోయేది గీతలు కాదు, ధ్వనులు. కొరియన్ లిపి హంగుల్ లెక్క భలే ముచ్చటగా ఉంటుంది. మొదటి హల్లులు 19, అచ్చులు 21, చివరి హల్లులు 27, చివర ఏమీ లేకపోవడం ఒకటి కలిపి 28. 19 × 21 × 28 = 11,172. సరిగ్గా అన్ని అక్షరాలకీ 44032 నుంచి వరసగా సంఖ్యలు ఇచ్చారు.

‘హన్’ తీసుకో. సున్నా నుంచి లెక్కపెడితే ‘హ’ 18వ హల్లు, ‘అ’ 0వ అచ్చు, చివరి ‘న’ 4. (18 × 21 + 0) × 28 + 4 = 10588. దానికి 44032 కలిపితే 54620. వెనక్కి రావాలంటే భాగహారం చేస్తే చాలు, పట్టిక కూడా అక్కర్లేదు.

కంజీకి ఇలాంటి సూత్రం కుదరదు. 27704ని దేనితో భాగించినా అందులో గీతలు రావు.

#8 పాతఅచ్చు_ప్రసాద్

పిల్లలూ, ఈ గొడవ నాకు బాగా తెలుసు. విజయవాడలో చాలాకాలం డీటీపీ చేశాను. యూనికోడ్ రాకముందు మన తెలుగు ఫాంట్లు సరిగ్గా శ్రావణి గారు అనుకున్న పద్ధతిలోనే ఉండేవి. తలకట్టు ఒక కీ, కొమ్ము ఒక కీ, వట్రసుడి ఒక కీ, ఒత్తు ఇంకో కీ. కంటికి ఎలా కనబడితే అలా ముక్కలు పేర్చుకుంటూ పోవడమే. అచ్చుకి బ్రహ్మాండంగా ఉండేది.

తిప్పలన్నీ తర్వాత. ఒకే పదాన్ని ఇద్దరు ఆపరేటర్లు రెండు వరసల్లో కొట్టేవాళ్లు. కాగితం మీద రెండూ ఒకటే, ఫైల్‌లో వేరువేరు. వెతికితే ఒకటి దొరికేది, ఒకటి దొరకదు. అకారాదిగా పేర్చమంటే ఎక్కడివి ఎక్కడికో పోయేవి. ఫాంట్ మార్చితే పేజీ మొత్తం పిచ్చిరాతలు. ఆ ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చే పని ఇప్పటికీ చేస్తున్నాను, ఇప్పటికీ తలనొప్పే.

కాబట్టి చైనావాళ్లు గీతలు పేర్చే పద్ధతికి పోకుండా ఉండటమే మేలైంది. వాళ్లకి నంబర్ల అలవాటు కొత్తది కూడా కాదు. టెలిగ్రాఫ్ రోజుల్లోనే ఒక్కో అక్షరానికి నాలుగంకెల సంఖ్య పెట్టుకున్నారు. షాంఘైలో ఉన్న విగియే అనే ఫ్రెంచివాడు 1872లో అలాంటి పుస్తకం అచ్చు వేశాడు.

#9 శ్రావణి_కంజీ

ప్రసాద్ గారూ, అది అర్థమైంది. కానీ మా క్లాసులో ఒకబ్బాయి చైనా ఫోన్‌లో ఐదే ఐదు బటన్లతో గీతలు కొట్టి అక్షరాలు రాస్తున్నాడు. మరి అక్కడ గీతలే కదా కోడ్?

#10 తైపే_తెలుగోడు

అది టైప్ చేసే పద్ధతి, దాచే పద్ధతి కాదు. బటన్ 1 అడ్డగీత, 2 నిలువు, 3 ఎడమకి జారేది, 4 చుక్క లేదా కుడికి జారేది, 5 మలుపు ఉన్నవన్నీ. మీ 27704 రాయాలంటే 4, 5, 5, 3, 4. ఆ వరసని ఫోన్ తన పట్టికలో వెతికి, ఆ అక్షరాన్ని చూపిస్తుంది. మీరు ముట్టుకోగానే టెక్స్ట్‌లోకి వెళ్లేది 27704. మీరు కొట్టిన ఐదంకెలు అక్కడితో సరి, ఎక్కడా మిగలవు.

1983లో వాంగ్ యోంగ్‌మిన్ తెచ్చిన వుబీ అనే టైపింగ్ పద్ధతి కూడా ఈ ఐదు రకాల గీతల మీదే నడుస్తుంది. కాకపోతే కీబోర్డును ఐదు ప్రాంతాలుగా పంచి, అక్షరాల్లో తరచూ వచ్చే భాగాలని ఆ కీల మీద సర్దాడు. ఎంత పెద్ద అక్షరమైనా నాలుగు కీలు దాటదు. చేయి తిరిగినవాళ్లు కొడుతుంటే చూడాలి, నోరు తెరుచుకుని ఉండిపోతాం.

#11 కోడ్_కృష్ణ

పై పోస్టుకి ఒక తోక. ఆ ఐదంకెల వరసనే కోడ్‌గా దాచేద్దాం అనుకుందాం. 1, 2, 1 అని కొడితే ఏమొస్తుంది? అడ్డం, నిలువు, అడ్డం.

‘మట్టి’ వస్తుంది. ‘పండితుడు’ కూడా వస్తుంది. ‘పని’ కూడా వస్తుంది. మూడూ అవే మూడు గీతలు, అదే వరస. మట్టిలో కింది అడ్డగీత పొడుగు. పండితుడిలో పై అడ్డగీత పొడుగు. ‘పని’లో నిలువు గీత పైకి పొడుచుకు రాదు, రెండు అడ్డగీతల మధ్యే ఆగిపోతుంది. కాగితం మీద చూస్తే చిన్నపిల్లలు కూడా తేడా పడతారు. గీతల జాబితాలో మాత్రం ఆ తేడా ఎక్కడా లేదు. గీత ఎక్కడ మొదలైంది, ఎంత పొడుగు, దేన్ని తాకింది అన్నవి కూడా రాస్తే తప్ప అక్షరం తేలదు. అవన్నీ రాసుకుంటూ పోతే అది టెక్స్ట్ కాదు, బొమ్మ.

#12 దీప్తి_క్యూఏ

కంజీ రాదు గానీ ఈ గీతల వల్ల నా ప్రాణం పోయింది, చెప్పుకోనివ్వండి. జపాన్ క్లయింట్ పంపిన పీడీఎఫ్ నుంచి పేర్లు కాపీ చేసి వెతికితే డేటాబేస్‌లో దొరకట్లేదు. కంటికి అచ్చం అదే అక్షరం. టికెట్ నా మీద, టెన్షన్ నాకు. ఎందుకిలా?

#13 కోడ్_కృష్ణ

ఇది పాత రోగమే. ‘ఒకటి’ అనే అక్షరం తీసుకోండి, ఒట్టి అడ్డగీత. దాని అసలు సంఖ్య 19968. అదే రూపం నిఘంటువు విభాగపు గుర్తుగా 12032 దగ్గర ఇంకోసారి ఉంది. 1716 నాటి కాంగ్షీ నిఘంటువు అక్షరాలని 214 విభాగాలు చేసింది, వాటన్నిటికీ విడిగా గుర్తులు ఇచ్చారు. ఇక గీతల బ్లాక్‌లోని అడ్డగీత 12752. జపనీస్ కటకానాలో దీర్ఘం గుర్తు 12540. నాలుగూ అడ్డగీతలే, నాలుగూ వేరు.

కొన్ని పీడీఎఫ్‌లలో ఫాంట్ ఆకారం నుంచి సంఖ్యకి వెనక్కి వెళ్లే పట్టిక విభాగపు గుర్తుని చూపిస్తుంది. అందుకే 19968 బదులు 12032 కాపీ అవుతుంది. వెతికే ముందు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌కేసీ (ఇలాంటి జంట రూపాలని ఒకే సంఖ్యకి మార్చే నార్మలైజేషన్) నడపండి, 12032 మారి 19968 అవుతుంది. కానీ 12752 మారదు. గీతల బ్లాక్‌లో ఉన్నవాటికి అలాంటి బదలాయింపు ఏదీ ఇవ్వలేదు. గీత గీతే, అక్షరం అక్షరమే.

#14 దీప్తి_క్యూఏ

వెతికా, దొరికింది. మీ కడుపు చల్లగుండ.

#15 శ్రావణి_కంజీ

సరే, వరస సంగతి పక్కన పెడదాం. కనీసం గీతల లెక్కయినా యూనికోడ్ ఇస్తుందా? ఎన్ని గీతలో చెబితే నా ప్రోగ్రామ్‌లో సగం పని అయినట్టే.

#16 తైపే_తెలుగోడు

ఇస్తుంది, అయితే టెక్స్ట్‌లో కాదు. యూనిహాన్ అనే పట్టిక ఉంది, యూనికోడ్ వాళ్లదే. అందులో ఒక్కో అక్షరానికీ మొత్తం గీతలు, కాంగ్షీ విభాగం, ఆ విభాగం పోగా మిగిలిన గీతలు రాసి ఉంటాయి. ఉచితంగా దింపుకోవచ్చు.

ఇంకో సంగతి. 1990ల మొదట్లో చేర్చిన 20,902 అక్షరాలకి సంఖ్యలు కాంగ్షీ క్రమంలోనే ఇచ్చారు. ముందు విభాగం, అందులో మిగిలిన గీతలు పెరిగే కొద్దీ తర్వాతి సంఖ్య. అందుకే 19968 ఒంటి గీత ‘ఒకటి’తో మొదలవుతుంది. అంటే అక్షరం లోపల గీతలు లేకపోయినా వాటి వరసలో గీతల లెక్క ఉంది. చైనా 1980 ప్రమాణంలో 6,763 అక్షరాలుంటే, ఎక్కువ వాడే 3,755 ఉచ్చారణ క్రమంలో, మిగతా 3,008 విభాగం, గీతల క్రమంలో పెట్టారు. ఇక్కడ తైవాన్ ప్రమాణం బిగ్ ఫైవ్‌లో గీతల సంఖ్యే ముందు చూస్తారు.

కానీ జాగ్రత్త. ‘ఎముక’ అక్షరం 39592 చూడండి. చైనాలో దానికి 9 గీతలు. జపాన్‌లో 10, తైవాన్‌లోనూ 10. పై భాగంలో లోపలి చిన్న మూల చైనాలో ఎడమవైపు ఉంటుంది, అక్కడ రెండు గీతలు కలిసి ఒకే మలుపు గీత అయిపోతాయి. జపాన్‌లో ఆ మూల కుడివైపు. సంఖ్య మాత్రం అందరికీ 39592 ఒక్కటే. యూనిహాన్‌లో రెండు లెక్కలు ఉంటే మొదటిది చైనాది, రెండోది తైవాన్‌ది. జపాన్‌కంటూ విడిగా గడి లేదు. మీరు నేర్చుకునేది జపనీస్ కాబట్టి దాని మీద మాత్రమే ఆధారపడకండి.

#17 పాతఅచ్చు_ప్రసాద్

ఒకే సంఖ్య, మూడు దేశాల్లో మూడు రూపాలా! మరి తెరమీద ఏది కనబడాలో ఎవరు చెబుతారు?

#18 కోడ్_కృష్ణ

పేజీ రాసినవాళ్లు భాష గుర్తు పెట్టాలి సర్. హెచ్‌టీఎంఎల్‌లో ‘ఇది జపనీస్’ అని రాస్తే బ్రౌజర్ జపాన్ రూపం ఉన్న ఫాంట్ తీసుకుంటుంది. రాయకపోతే ఫోన్‌లో ఏది ముందుంటే అదే. జపాన్ వాళ్లు చాలామంది ఈ విషయంలో మొదటి నుంచీ గుర్రుగానే ఉన్నారు, వాళ్ల కోపంలో న్యాయం ఉందనే నేనంటాను.

ఫాంట్ వైపు ఇంకో చిక్కు. ఓపెన్‌టైప్ ఫైల్‌లో 65,535 ఆకారాలకి మించి పట్టవు. 2023 నాటికే యూనికోడ్‌లో హాన్ అక్షరాలు (చైనా, జపాన్, కొరియాల్లో వాడే ఈ అక్షరాలే) 97 వేలు దాటాయి. అన్నీ ఒక ఫాంట్ ఫైల్‌లో పెట్టడం కుదరని పని.

#19 పాతఅచ్చు_ప్రసాద్

అన్ని వేలల్లో నకిలీలు దూరవా అని అనుమానం వచ్చి కాస్త చదివాను. దూరాయి. జపాన్ 1978లో వేసిన ప్రమాణంలో ఎవరూ ఎప్పుడూ వాడని కొన్ని కంజీలు తేలాయి. వాటిని ‘దయ్యం అక్షరాలు’ అంటున్నారు. అందులో ఒకటి మా డీటీపీ వాళ్లకి బాగా అర్థమయ్యేది. షిగా ప్రాంతంలోని ఒక ఊరి పేరు కోసం ‘కొండ’ కింద ‘స్త్రీ’ ఉండే అక్షరం కావలసి వచ్చింది. రెండు కాగితం ముక్కలు కోసి అతికించారు. నకలు తీసినప్పుడు ఆ అతుకు నీడ సన్నని గీతలా పడింది. చూసినవాళ్లు దాన్నీ ఒక అడ్డగీత అనుకున్నారు. అలా లేని గీతతో కొత్త కంజీ పుట్టి, దానికి సంఖ్య కూడా వచ్చేసింది. ఒకసారి ఇచ్చిన సంఖ్యని తీసేయరు కాబట్టి ఇప్పటికీ మన అందరి ఫోన్లలోనూ ఉంది.

#20 పెనుకొండ_రమేష్

అతుకు నీడకి యూనికోడ్ నంబరా! మన ఆధార్‌లో పేరు తప్పులే నయం 😂

#21 కోడ్_కృష్ణ

శ్రావణి గారూ, ఇక మీ పని. గీతలని నిజంగా టెక్స్ట్‌గా రాసుకున్న చోట్లు ఉన్నాయి, యూనికోడ్ బయట. రెండు చెబుతాను.

ఒకటి కంజీవీజీ. ఒక్కో కంజీకి ఒక ఎస్‌వీజీ (బొమ్మని టెక్స్ట్‌గా రాసే) ఫైల్, పేరు ఆ అక్షరం యూనికోడ్ సంఖ్యే, హెక్స్‌లో ఐదు స్థానాలకి సున్నా కలిపి. జపాన్ ప్రభుత్వం నిత్యవాడుకకి ఇచ్చిన జోయో జాబితాలోని 2,136 కంజీలూ ఉన్నాయి. 109 × 109 గడిలో ఒక్కో గీతకి ఒక దారి, జపాన్ బడిలో నేర్పే వరసలోనే. ఫైల్ తెరిచి ‘పాత్’ ట్యాగులు లెక్కపెడితే గీతల సంఖ్య వచ్చేస్తుంది, వరసగా గీస్తే యానిమేషన్ అయిపోతుంది. మీకు నచ్చే ముక్క ఇంకోటి ఉంది: ప్రతి దారి పక్కనా ఆ గీత ఏ రకమో రాసి ఉంటుంది. ఆ రాసేది మీరు మొదట చూసిన గీతల బ్లాక్ అక్షరాలతోనే.

రెండోది అక్షరాల రూపాలు దాచే గ్లిఫ్‌వికీ సైట్ వాడే కాగే. అందులో గీత అంటే అంకెల వరుస. ఉదాహరణకి

1:0:0:20:100:180:100

మొదటి 1 అంటే తిన్నని గీత. తర్వాతి రెండూ మొదలు, చివర ఎలా ఉండాలో చెప్పేవి: విడిగా ఉందా, కొక్కెమా, వేరే గీతకి తగులుతుందా. మిగతావి 200 × 200 గడిలో ఎక్కడి నుంచి ఎక్కడికి అని. ఇక్కడ 20, 100 నుంచి 180, 100కి, అంటే మధ్యలో అడ్డగీత. మొదటి అంకె 99 అయితే ‘ఆ అక్షరాన్ని తెచ్చి ఇక్కడ కుదించి పెట్టు’ అని. మట్టికీ పండితుడికీ ఉన్న తేడా ఈ అంకెల్లో దొరుకుతుంది. #11లో నేనన్న ‘బొమ్మ’ ఇదే, అక్షరాలా టెక్స్ట్‌లో రాసిన బొమ్మ.

#22 తైపే_తెలుగోడు

భాగాల స్థాయిలో మాత్రం యూనికోడ్‌లోనే ఒక ఏర్పాటు ఉంది. ‘ఎడమన ఇది, కుడిన అది’, ‘పైన ఇది, కింద అది’ అని చెప్పే గుర్తులు 1999లో 12 వచ్చాయి. ‘స్త్రీ’, ‘పిల్లవాడు’ పక్కపక్కన అని రాస్తే ‘మంచి’ అక్షరానికి వర్ణన అవుతుంది. వర్ణన మాత్రమే, కంప్యూటర్ దాన్ని కలిపి గీసి చూపించాలన్న నియమం లేదు. షియాన్ నూడుల్స్ పేరు బియాంగ్‌కి చాలాకాలం ఇదే దిక్కు, లేదంటే బొమ్మ అతికించడం. 2020లో 13.0తో దానికి 200414 అని సొంత సంఖ్య వచ్చింది.

2023లో ఇంకో ఐదు గుర్తులు ఇచ్చారు. పాత బ్లాక్‌లో మిగిలినవి నాలుగే గడులు. ఐదోది, ‘ఇందులోంచి ఇది తీసెయ్’ అని చెప్పే తీసివేత గుర్తు, ఇంట్లో చోటు చాలక చుట్టానికి పక్కింట్లో మంచం వేసినట్టు గీతల బ్లాక్ చివరి గడిలో వేశారు. ఆ బ్లాక్ మొత్తం లూప్‌లో తిప్పి ‘ఇవన్నీ గీతలే’ అనుకునే ప్రోగ్రామ్‌లకి అది ఒక గుంట. చివరిది, 12783, వదిలేయండి.

#23 శ్రావణి_కంజీ

కంజీవీజీ దింపాను, పనిచేస్తోంది! 27704కి 5 దారులు వచ్చాయి. ఎముకకి 10, జపాన్ లెక్కే. మట్టి, పండితుడు రెండూ పక్కపక్కన గీయించి చూశా, కృష్ణ గారు చెప్పినట్టే పొడుగులోనే తేడా.

ఒక్క చిక్కు. మా కాలిగ్రఫీ క్లాసులో ఇదే 27704 చూపించి ‘ఇందులో ఎనిమిది గీతలు ఉన్నాయి, ఇది వస్తే అన్నీ వచ్చినట్టే’ అన్నారు. ఫైల్ 5 అంటోంది. ఏది చూపించాలి?

#24 తైపే_తెలుగోడు

రెండూ చూపించొచ్చు. కుంచె పట్టినవాళ్లు లెక్కపెట్టేది చేతి కదలికలు. చుక్క, అడ్డం, నిలువు, కొక్కెం, కుడికి పైకి లాగడం, పొడుగ్గా జారడం, పొట్టిగా జారడం, కుడికి ఒత్తి వదలడం, ఇవి ఎనిమిది. నిఘంటువు లెక్కపెట్టేది కలం ఎన్నిసార్లు కాగితం మీద పెట్టారన్నది, అది ఐదు. రెండో గీత ఒక్కటే మూడు కదలికలు మింగేస్తుంది: అడ్డం, నిలువు, కొక్కెం. పైన చెప్పిన హెచ్‌జెడ్‌జి అదే. మూడోది రెండు మింగుతుంది. 1 + 3 + 2 + 1 + 1, ఎనిమిది సరిపోయింది.

#25 శ్రావణి_కంజీ

సూపర్. గీత రకం పేరులో అక్షరాలు చూసి యానిమేషన్‌ని కదలికలుగా విడగొడతా. యాప్ స్టోర్‌లో పెట్టొచ్చా దీన్ని?

#26 కోడ్_కృష్ణ

పెట్టొచ్చు. కంజీవీజీ క్రియేటివ్ కామన్స్‌లో ‘పేరు చెప్పాలి, అదే లైసెన్స్‌తో పంచాలి’ రకం. యాప్‌లో వాళ్ల పేరు వేయండి, గీతల ఫైళ్లలో మీరేమైనా మారిస్తే ఆ మార్పులూ అదే లైసెన్స్‌తో బయట పెట్టండి. నూడుల్స్ అక్షరం కూడా చేర్చాలనుకుంటే ముందు మీ డేటాబేస్ నాలుగు బైట్ల అక్షరాలు తీసుకుంటుందో లేదో చూసుకోండి, 200414 మూడింటిలో పట్టదు.